రోహిణి కార్తెలో గన్నవరం ఎత్తెంత?

మే నెలాఖరున మధ్యాహ్నం మూడు గంటల వేళ గన్నవరం రన్‌వే ఎంత ఎత్తులో ఉందని అడిగితే రెండు జవాబులు వస్తాయి. రెండూ సరైనవే. భూమి కొలతల ప్రకారం అది సముద్రమట్టానికి 25 మీటర్ల ఎత్తులో, అంటే 82 అడుగుల ఎత్తులో ఉంది. అదే రన్‌వే చివర టేకాఫ్‌కు సిద్ధంగా నిలబడ్డ విమానం రెక్కల్నీ ఇంజన్లనీ అడిగితే మాత్రం సుమారు 4 వేల అడుగులని చెబుతాయి. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ హిల్స్ ఎత్తు కూడా దాదాపు అంతే.

విమానానికి ఎత్తుతో ఇబ్బంది అనగానే మనకు లేహ్ గుర్తొస్తుంది. 3,256 మీటర్ల ఎత్తులో, చుట్టూ హిమాలయాలతో ఉండే విమానాశ్రయం అది. కాలువలూ వరి చేలూ తప్ప చెప్పుకోదగ్గ గుట్టే అరుదుగా కనిపించే కృష్ణా డెల్టాకు ఈ సమస్యతో ఏం పని అనిపిస్తుంది. పని ఉంది. విమానం ఎగిరేది గాలి మీద, దాని ఎత్తు కొలిచేదీ గాలితోనే. ఆ గాలి డెల్టాలో సంక్రాంతికి ఒకలా, రోహిణి కార్తెకు ఒకలా, కార్తీకంలో తుపాను పట్టినప్పుడు పూర్తిగా మరోలా ఉంటుంది.

మొదట గాలి బరువు సంగతి చూద్దాం. మన నెత్తిన వందల కిలోమీటర్ల దాకా గాలి ఉంది. నేల మీద ఒక చదరపు మీటరు చోటుపై అది మోపే బరువు సుమారు 10 టన్నులు. దూది పరుపులు ఒకదాని మీద ఒకటి పేర్చిన దొంతరను ఊహించుకోండి. అడుగున ఉన్న పరుపు పైవాటి బరువుకు అణిగి గట్టిపడుతుంది, పైకి పోయేకొద్దీ పరుపులు వదులుగా ఉంటాయి. గాలి కూడా అంతే. అందుకే నేల దగ్గర పీడనం త్వరగా తగ్గుతూ పోతుంది: సుమారు 27 అడుగులు పైకి వెళ్తే ఒక హెక్టోపాస్కల్ తగ్గుతుంది. పాత పుస్తకాల్లో మిల్లీబార్ అన్నదీ ఇదే కొలత. 18 వేల అడుగులకు చేరేసరికి నేల మీది పీడనంలో సగమే మిగులుతుంది.

ఈ సంగతిని తొలిసారి కొండెక్కి రుజువు చేసింది 1648 సెప్టెంబర్ 19న. ఫ్రాన్స్‌లో బ్లేజ్ పాస్కల్ కోరిక మీద ఆయన బావ ఫ్లోరాన్ పెరియే పాదరసపు గొట్టం పట్టుకుని ప్యూయ్ ద డోమ్ అనే కొండ ఎక్కాడు. పైకి పోయేకొద్దీ గొట్టంలో పాదరసం దిగింది. పీడనం తెలిస్తే ఎత్తు తెలుస్తుందన్న ఆలోచనకు పునాది ఆ రోజే పడింది. విమానంలోని ఆల్టీమీటర్ ఆ కొండ మీది ప్రయోగాన్నే ఇప్పటికీ ప్రతి క్షణం చేస్తోంది. పాదరసానికి బదులు దానిలో గాలి తీసేసి మూసిన పల్చటి లోహపు డబ్బీలు ఉంటాయి. విమానం పక్కభాగంలోని చిన్న రంధ్రాల నుంచి బయటి పీడనం వాటి చుట్టూ చేరుతుంది. పీడనం తగ్గితే డబ్బీ ఉబ్బుతుంది, పెరిగితే నొక్కుకుంటుంది. వెంట్రుకవాసి కదలికను పళ్లచక్రాలు పెంచి ముల్లును తిప్పుతాయి. కొత్త విమానాల్లో ముల్లూ పళ్లచక్రాలూ పోయి సెన్సరూ కంప్యూటరూ వచ్చాయి, కొలిచేది మాత్రం అదే పీడనం.

కాబట్టి ఆల్టీమీటర్ ఎత్తును కొలవదు. తనకు పైన ఉన్న గాలి బరువును కొలిచి, ఎత్తు ఇంత ఉండాలని లెక్కగడుతుంది. ఆ లెక్క కోసం ప్రపంచమంతా ఒక ఊహా వాతావరణాన్ని ఒప్పుకుంది: సముద్రమట్టం దగ్గర పీడనం 1013.25 హెక్టోపాస్కల్‌లు, ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, పైకి ప్రతి కిలోమీటరుకూ 6.5 డిగ్రీల తగ్గుదల. సముద్రమట్టంలో 15 డిగ్రీలు! విజయవాడలో పుష్యమాసపు తెల్లవారుజామున కూడా అంత చలి అరుదు. అంటే మన ఊరి గాలి ఏడాది పొడవునా ఆ ఊహా వాతావరణానికి ఒకవైపే ఒరిగి ఉంటుంది. మిగతా కథంతా ఈ తేడా నుంచే పుడుతుంది.

పీడనంలో తేడాను సరిచేసే మార్గాన్ని 1928లో న్యూయార్క్‌లో పాల్ కోల్స్‌మన్ చూపించాడు. జర్మనీ నుంచి వలస వచ్చిన ఈ ఇంజనీరు ఆల్టీమీటర్‌ను కొద్ది అడుగుల తేడా కూడా పట్టేంత సున్నితంగా తయారుచేశాడు. దాని ముఖం మీద ఒక చిన్న కిటికీ ఉంటుంది, పక్కన ఒక మర ఉంటుంది. ఆ రోజు ఆ ఊరి పీడనాన్ని మర తిప్పి కిటికీలో పెడితే ముల్లు సరైన ఎత్తుకు జరుగుతుంది. 1929 సెప్టెంబర్ 24న అమెరికన్ పైలట్ జిమ్మీ డూలిటిల్ విమానం గది కిటికీలు మూసేసి, బయట ఏమీ కనిపించకుండా, పరికరాలనే చూస్తూ పైకి లేచి తిరిగి నేలకు దిగాడు. కోల్స్‌మన్ ఆల్టీమీటర్ లేకుండా ఆ ప్రయత్నం సాధ్యమయ్యేది కాదు. ఆ చిన్న కిటికీని పైలట్లు ఇవాళ్టికీ కోల్స్‌మన్ విండో అనే అంటారు.

హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చే విమానం దిగడం మొదలుపెట్టాక గన్నవరం కంట్రోలర్ రేడియోలో చెప్పే మాటల్లో నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. దాన్ని క్యూఎన్‌హెచ్ అంటారు. గన్నవరంలో కొలిచిన పీడనాన్ని సముద్రమట్టానికి లెక్కగట్టి చెప్పే విలువ అది. పైలట్ దాన్ని అలాగే తిరిగి పలకాలి, కిటికీలో పెట్టాలి, పక్కనున్న పైలట్ సరిచూడాలి. జనవరి ఉదయం ఆ సంఖ్య 1015 దగ్గర ఉంటే, మే నెల సాయంత్రం 1002 దగ్గరకు దిగిపోతుంది. ఎండకు భూమి కాగి, గాలి తేలికై లేచిపోవడం వల్ల ఉపఖండమంతా అల్పపీడనం కిందికి వచ్చే కాలం అది. తేడా 13 హెక్టోపాస్కల్‌లు, అడుగుల్లో చూస్తే సుమారు 350. జనవరి సంఖ్యతోనే మే నెలలో గన్నవరంలో దిగబోయే విమానం ఆల్టీమీటర్ 500 అడుగులు చూపిస్తున్నప్పుడు అది నిజంగా సముద్రమట్టానికి 150 అడుగుల దగ్గరే ఉంటుంది. రన్‌వే ఎత్తు తీసేస్తే చక్రాల కింద మిగిలేది సుమారు 70 అడుగులు మాత్రమే. విజయవాడకు పడమటనున్న కొండపల్లి కొండల పక్కన ఇది చిన్న తేడా కాదు.

కాలం మారడం అటుంచి, ఒకే రోజులో కూడా పీడనం నిలకడగా ఉండదు. ఉష్ణమండలంలో వాతావరణానికి ఆటుపోట్లు ఉన్నాయి. సముద్రానికి చంద్రుడిలా దీనికి సూర్యుడి వేడి కారణం. ఉదయం పది గంటల ప్రాంతంలో పీడనం గరిష్ఠానికి చేరి, సాయంత్రం నాలుగుకల్లా కనిష్ఠానికి పడిపోతుంది. రాత్రి పదికి మళ్లీ పెరిగి, తెల్లవారుజామున నాలుగుకు మళ్లీ తగ్గుతుంది. ఈ ఊగిసలాట మూడు నాలుగు హెక్టోపాస్కల్‌లు ఉంటుంది, అంటే 80 నుంచి 100 అడుగుల దాకా. యూరప్‌లో గాలివానల రాకపోకల గందరగోళంలో ఇది కనబడకుండా పోతుంది. మన దగ్గర మబ్బులేని రోజుల్లో గడియారంలా కనిపిస్తుంది. పొద్దున చెప్పిన క్యూఎన్‌హెచ్ సాయంత్రానికి పనికిరాదు అనడానికి వానా గాలీ ఏవీ అక్కర్లేదు, మామూలు ఎండ రోజు చాలు.

నాలుగంకెల్లో ఒక్క అంకె తప్పితే ఏమవుతుందో 2022 మే 23న పారిస్‌లో తేలింది. స్టాక్‌హోమ్ నుంచి వచ్చిన ఎయిర్‌బస్ ఏ320 చార్ల్ ద గాల్ విమానాశ్రయంలో దిగబోతోంది. ఆ రన్‌వేకు రేడియో కిరణాలతో దారి చూపే ఐఎల్‌ఎస్ అప్పుడు పనిచేయడం లేదు, విమానం తన పీడనపు ఎత్తును నమ్ముకునే దిగాలి. అసలు క్యూఎన్‌హెచ్ 1001. కంట్రోలర్ నోటి నుంచి వచ్చింది 1011. పైలట్లు 1011 అనే తిరిగి చెప్పారు. పది హెక్టోపాస్కల్‌లంటే సుమారు 280 అడుగులు. వానలో రన్‌వే కనపడక పైలట్లు మళ్లీ పైకి లేచారు. లేచేలోగా ఆ విమానం నేలకు 6 అడుగుల దాకా వచ్చింది, రన్‌వే ఇంకా కిలోమీటరున్నర దూరంలో ఉండగా! రెండోసారి దిగేటప్పుడు కూడా ఆల్టీమీటర్లలో తప్పు సంఖ్యే ఉంది. ఈసారి రన్‌వే పక్కన దీపాలు కనిపించి, దారి సరిచేసుకుని క్షేమంగా దిగారు. అనుభవజ్ఞులైన సిబ్బంది, అత్యాధునిక విమానం, ప్రపంచంలోని పెద్ద విమానాశ్రయాల్లో ఒకటి. వీటన్నిటి మధ్య ప్రాణాలు ఆధారపడింది సరిగ్గా పలకవలసిన ఒక సున్నా మీద. క్యూఎన్‌హెచ్ కొలిచేవారి పనినీ, దాన్ని చెప్పి, విని, తిరిగి చెప్పే ఆచారాన్నీ నేను చాలా గౌరవంగా చూస్తాను.

ఇక తుపాన్లు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వినగానే కోత కోసిన వరి కుప్పల మీద పట్టాలు కప్పడానికి పరుగెత్తే జనం మనవాళ్లు. పీడనం పడిపోవడం అంటే ఏమిటో డెల్టాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. 1864 నవంబర్ 1 రాత్రి బందరు మీద పడిన ఉప్పెనలో సుమారు 30 వేల మంది చనిపోయారు. అదే ఏడాది అక్టోబర్‌లో కలకత్తాను ముంచిన తుపానూ, తర్వాతి కరువులూ కలిసి 1875లో భారత వాతావరణ శాఖ పుట్టుకకు కారణమయ్యాయి. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెనను కళ్లారా చూసినవారు ఇప్పటికీ మన ఇళ్లలో ఉన్నారు.

1990 మే 9న కృష్ణా నది సముద్రంలో కలిసే చోటే తీరం దాటిన తుపానును ఆల్టీమీటర్ కంటితో చూడండి. సముద్రంలో అది మహోగ్రంగా ఉన్నప్పుడు నడిబొడ్డున పీడనం 920 హెక్టోపాస్కల్‌లని అంచనా. 1013కు అమర్చిన ఆల్టీమీటర్‌ను ఆ తుపాను కంటిలో, అలల మట్టంలో ఒక ఓడ మీద పెట్టి ఉంటే, అది తాను 2,600 అడుగుల ఎత్తులో ఉన్నానని చూపించేది. 2023 డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచాంగ్ అంత బలమైనది కాదు. దానిలో పీడనం 986 దాకానే దిగింది. ఆ లెక్కన కూడా తేడా 700 అడుగుల పైమాటే. ఇంతవరకూ భూమ్మీద సముద్రమట్టంలో నమోదైన అతి తక్కువ పీడనం 870 హెక్టోపాస్కల్‌లు. 1979 అక్టోబర్ 12న పసిఫిక్‌లో టిప్ అనే టైఫూన్‌లోకి వెళ్లిన పరిశోధక విమానం దాన్ని కొలిచింది. ఇలాంటి విమానాలు పీడనపు ఎత్తునూ, కిందికి రేడియో తరంగాలు పంపి కొలిచే అసలు ఎత్తునూ పోల్చి తుపాను లోతు పట్టేవి. మామూలు విమానానికి ప్రమాదమైన తేడాయే వాళ్లకు కొలతబద్ద అయింది.

ప్రయాణికుల విమానం తుపాను కంటి దగ్గరికి పోదు. అయినా తుపాను వందల కిలోమీటర్ల దూరంలో ఉండగానే తీరం పొడవునా పీడనం దిగడం మొదలవుతుంది. ఎక్కువ పీడనం ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి, కిటికీలో సంఖ్య మార్చకుండా ఎగిరే విమానం, ముల్లు కదలకుండానే నేలవైపు జారుతూ ఉంటుంది.

ఇన్ని ఉపగ్రహాలున్న రోజుల్లో ఇంకా ఈ పీడనాన్నే ఎందుకు పట్టుకుని వేలాడాలని అడగవచ్చు. సబబైన ప్రశ్నే. ఒక జవాబు క్రమశిక్షణకు సంబంధించినది. ఎత్తులో ఎగిరేటప్పుడు ప్రపంచంలోని విమానాలన్నీ కిటికీలో 1013నే పెట్టుకుంటాయి. నిజమైన ఎత్తు కొంత అటూ ఇటూ అయినా, అందరి తప్పూ ఒకే దిక్కున, ఒకే కొలతలో ఉంటుంది కనుక ఇద్దరి మధ్య దూరం చెడదు. ఈ నమ్మకం మీదే 2003 నవంబర్ నుంచి మన గగనతలంలో 29 వేల అడుగుల పైన ఎగిరే విమానాల మధ్య నిలువు దూరాన్ని 2 వేల అడుగుల నుంచి వెయ్యికి తగ్గించారు. రెండో జవాబు భూమి ఆకారానికి సంబంధించినది. ఉపగ్రహం ఎత్తును కొలిచేది లెక్కల కోసం గీసుకున్న నున్నని దీర్ఘగోళాకారం నుంచి. హిందూ మహాసముద్రంలో మన దక్షిణాన గురుత్వాకర్షణ బలహీనంగా ఉండి, అసలు సముద్రమట్టం ఆ ఆకారానికి వంద మీటర్లకు పైగా కిందికి కుంగి ఉంది. దక్షిణ భారతమంతా ఆ పల్లం అంచుల్లోనే ఉంది. ఆ సవరణ చేయకపోతే డెల్టాలో ఉపగ్రహపు ఎత్తు సున్నాకు పదుల మీటర్ల కిందికి పోతుంది. సవరణలతో ఉపగ్రహాలూ మెల్లగా ఈ పనిలోకి వస్తున్నాయి. 2022 ఏప్రిల్ 28న రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో ఒక ఏటీఆర్ విమానం మన గగన్ వ్యవస్థ సాయంతో దిగింది. దేశంలో అలా దిగడం అదే మొదలు. అక్కడ నిలువు దారిని చూపింది ఉపగ్రహమే, పీడనం కాదు. మంచి మొదలు. అన్ని విమానాలకూ అది అందేదాకా కోల్స్‌మన్ కిటికీయే గతి.

ఇప్పుడు వేడి దగ్గరికి వద్దాం. క్యూఎన్‌హెచ్ పీడనాన్ని సరిచేస్తుంది, ఉష్ణోగ్రతను కాదు. ఇందాకటి పరుపుల దొంతర ఎండకు పొంగిందనుకోండి. బరువు మారలేదు, మందం పెరిగింది. మే నెలలో డెల్టా మీది గాలి అలాగే ఉబ్బి ఉంటుంది. పైలట్ల లెక్క ఏమంటే, ప్రామాణికం కన్నా ప్రతి 10 డిగ్రీలకూ ఎత్తులో 4 శాతం తేడా. 30 డిగ్రీలు ఎక్కువగా ఉన్న రోజున ఆల్టీమీటర్ రన్‌వేకు 3 వేల అడుగుల పైన ఉన్నట్టు చూపిస్తుంటే, విమానం నిజానికి 3,300 అడుగులు దాటి ఉంటుంది. ఐఎల్‌ఎస్ కిరణాలు రేడియో గీతలు కనుక ఎండకు వంగవు. అందుకే ఆ దారిన దిగే పైలట్‌కు వేసవిలో చార్టులో రాసిన ఎత్తుకూ తన ముల్లుకూ పొంతన కుదరదు. చార్టులో 2 వేలు ఉన్నచోట ముల్లు దానికి తక్కువే చూపిస్తుంది. మన అదృష్టం, ఈ తప్పు క్షేమం వైపు పోతుంది: ఉన్నదానికన్నా తక్కువ ఎత్తు చూపిస్తుంది. చలి దేశాల్లో ఇది తిరగబడుతుంది. కెనడాలో మైనస్ 15 డిగ్రీల రోజున 3 వేల అడుగులని చూపే విమానం 2,650 దగ్గరే ఉండవచ్చు, అక్కడి పైలట్లు చలి సవరణల పట్టికలు చూడకుండా కొండల మధ్యకు దిగరు.

ఎత్తు లెక్కలో మనల్ని కాపాడే వేడి, ఎగరడం దగ్గరికి వచ్చేసరికి ఎదురు తిరుగుతుంది. రెక్క మోసే బరువు రెండింటి మీద ఆధారపడుతుంది: గాలి సాంద్రత, వేగం వర్గం. గన్నవరంలో జనవరి ఉదయం 18 డిగ్రీలు, 1015 హెక్టోపాస్కల్‌లు ఉన్నప్పుడు ఘనపు మీటరు గాలి సుమారు 1.20 కిలోలు తూగుతుంది. మే మధ్యాహ్నం 45 డిగ్రీలు, 1002 హెక్టోపాస్కల్‌లు, కాస్త ఉక్క కూడా ఉంటే అది 1.08 కిలోలకు దిగుతుంది. పదోవంతు గాలి మాయమైనట్టే. ప్రామాణిక వాతావరణంలో ఇంత పల్చటి గాలి 4 వేల అడుగుల పైన దొరుకుతుంది. మొదట్లో చెప్పిన రెండో జవాబు అక్కడి నుంచి వచ్చింది. దీన్నే పైలట్లు డెన్సిటీ ఆల్టిట్యూడ్ అంటారు.

తూకంలో పదోవంతు తగ్గితే ఏమవుతుందో చూడండి. ఒక జెట్ విమానం 140 నాట్ల వద్ద నేల విడవాలి. వేగం చూపే మీటరు కూడా గాలి పీడనాన్నే కొలుస్తుంది కనుక రెండు కాలాల్లోనూ అది 140 అనే చూపిస్తుంది. కానీ నేల మీద అసలు వేగం జనవరిలో గంటకు 262 కిలోమీటర్లయితే, మేలో 276. ఆ అదనపు వేగం రన్‌వే మీదే సంపాదించుకోవాలి. దిగేటప్పుడు ఆ వేగాన్నంతా బ్రేకులే మింగాలి. ఇంజన్ ఊపిరి కూడా అదే గాలి. జెట్ ఇంజన్ నెట్టుబలం అది మింగే గాలి తూకం మీద ఆధారపడుతుంది. చాలా జెట్ ఇంజన్లు సముద్రమట్టం దగ్గర సుమారు 30 డిగ్రీల దాకా పూర్తి బలం ఇచ్చేలా తయారవుతాయి. ఆ పైన లోపలి టర్బైన్ రెక్కలు కాలిపోకుండా బలాన్ని తగ్గించక తప్పదు. మనకు మార్చికల్లా ఆ గీత దాటిపోతుంది.

ఇక్కడ ఒక అందమైన ఉపాయం ఉంది. చల్లని రోజున విమానం తేలికగా ఉంటే పూర్తి బలం అవసరం లేదు. అప్పుడు పైలట్లు ఇంజన్ కంప్యూటర్‌కు బయట ఉన్న ఉష్ణోగ్రతకు బదులు ఎక్కువ ఉష్ణోగ్రతను ఇస్తారు. బయట 20 ఉంటే 50 అని చెప్పవచ్చు. అంత ఎండలో ఎంత బలం దొరుకుతుందో అంతే ఇస్తుంది ఇంజన్. దాంతో దాని ఆయుష్షు పెరుగుతుంది. రోహిణి కార్తె మధ్యాహ్నం ఆ వెసులుబాటు చాలావరకు చెల్లిపోతుంది, బయట ఉన్న వేడే ఆ సంఖ్యకు దగ్గరపడుతుంది కనుక.

విమానాశ్రయం కట్టేవాళ్లు ఈ లెక్కను ముందే వేస్తారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఐకావో సూత్రం ప్రకారం రన్‌వే మూల పొడవును, అంటే సముద్రమట్టంలో ప్రామాణిక వాతావరణానికి చాలే పొడవును, ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ 7 శాతం పెంచాలి. ఆ తర్వాత అక్కడి వేసవి సగటు గరిష్ఠ ఉష్ణోగ్రత ప్రామాణికాన్ని దాటిన ప్రతి డిగ్రీకీ ఒక శాతం పెంచాలి. 2 వేల మీటర్ల మూల పొడవు తీసుకుని, గన్నవరం వేసవి గరిష్ఠాన్ని 40 డిగ్రీలుగా పట్టుకుంటే, ఎత్తు వల్ల పెరిగేది పట్టుమని 15 మీటర్లు కూడా ఉండదు. వేడి వల్ల పెరిగేది 500 మీటర్లు. 617 మీటర్ల ఎత్తులో ఉన్న శంషాబాద్‌కు ఇదే లెక్క వేస్తే ఎత్తు 14 శాతం అడుగుతుంది, వేడి దాదాపు 28 శాతం అడుగుతుంది. దక్కన్ పీఠభూమి మీద కూడా ఎత్తుకన్నా ఎండదే పెద్ద పద్దు! శంషాబాద్ ప్రధాన రన్‌వే 4,260 మీటర్లు ఉంది. గన్నవరం రన్‌వే ఒకప్పుడు 2,286 మీటర్లే. విస్తరణ తర్వాత 3,360 అయింది. పెద్ద విమానాల కోసం అన్నది నిజమే, కానీ ఎండాకాలంలో ఆ అదనపు కిలోమీటరు ఉన్న విమానాలకూ ఊపిరే.

రన్‌వే చాలనప్పుడు మిగిలే దారి బరువు తగ్గించడం. సరుకు దింపుతారు, ఇంధనం తగ్గిస్తారు, మరీ అయితే సీట్లు ఖాళీగా ఉంచుతారు. రన్‌వే చాలినా ఇంకో పరీక్ష ఉంది: టేకాఫ్‌లో ఒక ఇంజన్ ఆగిపోతే రెండో ఇంజన్‌తోనే దారిలోని అడ్డంకులు దాటేంత నిటారుగా ఎక్కగలగాలి. వేడి రోజున అసలు బిగింపు ఇక్కడే వస్తుంది. బరువుకు తోడు విమానానికే ఒక ఉష్ణోగ్రత హద్దు ఉంటుంది. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో 49 డిగ్రీలకు చేరుతుందన్న రోజున చిన్న జెట్ విమానాలు నలభైకి పైగా రద్దయ్యాయి. వాటి హద్దు 48 డిగ్రీల లోపే, పెద్ద బోయింగ్, ఎయిర్‌బస్‌ల హద్దు 52 పైన. లేహ్‌లో వేడి ఎక్కువైందని 2024 జులై చివర కొన్ని విమానాలు ఆగిపోయాయి. అంత ఎత్తులో 30 డిగ్రీల పైన ఎండ కాస్తే గాలి మరీ పల్చబడుతుంది. మన గోదావరి, కడప, కరీంనగర్ జిల్లాల వాళ్లు వేల మంది పనిచేసే కువైట్‌లో, మిత్రిబాలో, 2016 జులై 21న ఆ పెద్ద విమానాల హద్దునూ తాకేలా 53.9 డిగ్రీలు నమోదైంది.

వేడితో పాటు డెల్టాకు ఉక్కపోత తోడు. ఉక్కగా ఉన్న గాలి బరువుగా ఉందనిపిస్తుంది మనకు. నిజం దానికి వ్యతిరేకం. నీటి ఆవిరి అణువు బరువు 18, పొడి గాలి సగటు 29. ఆవిరి చేరినకొద్దీ గాలి తేలికవుతుంది. మే మధ్యాహ్నం పడమటి వడగాలి ఆగి సముద్రపు గాలి తిరిగితే ఒళ్లు చల్లబడుతుంది, విమానానికీ మేలే, ఉష్ణోగ్రత నాలుగైదు డిగ్రీలు తగ్గితే వచ్చే లాభం తేమ వల్ల వచ్చే నష్టాన్ని మించుతుంది.

ఇది పెద్ద విమానాల గోల మాత్రమే అనుకోకండి. 2024 సెప్టెంబర్ తొలి రోజుల్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మేడల మీద చిక్కుకున్న వాళ్లకు డ్రోన్లు ఆహార పొట్లాలూ మందులూ చేరవేశాయి. గుంటూరు మిరప చేలమీద మందు చల్లేవీ డ్రోన్లే. వాటి గుండెలోనూ బియ్యపు గింజంత పీడన సెన్సర్ ఉంటుంది, నిలిచిన చోట ఎత్తు తప్పకుండా ఉండటానికి. గాలి పదోవంతు పల్చబడితే గాల్లో నిలబడటానికి సుమారు 5 శాతం ఎక్కువ శక్తి కావాలి, బ్యాటరీ ఆ మేరకు ముందే అయిపోతుంది. మధ్యాహ్నం కన్నా ఉదయం చల్లడం మంచిదనడానికి మందు ఆవిరైపోకుండా ఉండటంతో పాటు ఇదీ ఒక కారణం.

వచ్చే కాలం సంగతి కొలంబియా విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు 2017లో లెక్కగట్టారు. రాబోయే దశాబ్దాల్లో రోజులో అత్యంత వేడి వేళ బయలుదేరే విమానాల్లో 10 నుంచి 30 శాతం దాకా ఎంతో కొంత బరువు తగ్గించుకోక తప్పదని వాళ్ల అంచనా. విజయవాడ లాంటి ఊళ్లకు దీని అర్థం సూటిగానే ఉంది: వేసవి విమానాలు తెల్లవారుజాముకూ రాత్రికీ జరగాలి, రన్‌వేలూ ఇంజన్లూ నిన్నటి ఎండకు కాక రేపటి ఎండకు లెక్క వేయాలి. ప్రణాళికలు వేసేవారు ముప్పై ఏళ్ల పాత సగటు ఉష్ణోగ్రతలతో సరిపెట్టుకుంటే అది పొరపాటే అవుతుంది.

డెల్టా హైస్కూళ్లలో, జూనియర్ కాలేజీల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టార్లకు ఒక మనవి. చాలా స్మార్ట్‌ఫోన్లలో పీడనం కొలిచే సెన్సర్ ఉంటుంది, దాన్ని చూపే ఉచిత యాప్‌లు ఉన్నాయి. పిల్లలచేత ఒక నెలపాటు రోజూ ఉదయం పదికీ, సాయంత్రం నాలుగుకూ పీడనం రాయించండి. గన్నవరం విమానాశ్రయం వాతావరణ నివేదిక వీఓబీజెడ్ అనే కోడ్‌తో ఇంటర్నెట్‌లో అందరికీ దొరుకుతుంది, అందులోని క్యూఎన్‌హెచ్‌తో పోల్చి చూపించండి. మూడంతస్తుల మేడ మెట్లు ఎక్కించి సుమారు ఒక హెక్టోపాస్కల్ తగ్గడం వాళ్ల కళ్లతో చూడనివ్వండి. అక్టోబర్, నవంబర్ నెలల్లో చేస్తే ఏదో ఒక అల్పపీడనం ఆ గ్రాఫ్‌లో పల్లంగా కనిపించే అవకాశం ఎక్కువ. తుపాను హెచ్చరికకు మాత్రం ఫోన్‌ను నమ్ముకోవద్దు, వాతావరణ శాఖ చెప్పిందే వినాలని అదే తరగతిలో చెప్పండి.